మస్తానయ్య వంతు

సూళ్లూరుపేట తపాలా కచేరీ అరుగు మీద నిలబడి హెబ్రోను ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి చదివినప్పుడు సంతోషం వేసింది. రెండోసారి చదివాక, సంతోషం వేసినందుకు సిగ్గు వేసింది.

ఉత్తరం హైదరాబాదు నుంచి. పులికాటు సరస్సు జాలరి గ్రామాల మీద ఆయన సేకరించి పంపిన తొలి నివేదిక చాలా బాగుందట. దాని ఆధారంగానే ఊరూరా సహకార సంఘాలకు సభ్యుల జాబితాలు తయారు చేస్తారట. జాబితాలో ఉన్నవాళ్లకు సర్కారు చవకగా నైలాను నూలు ఇస్తుందట. రొయ్యలు పడే కాలవలో వల కట్టే హక్కు కూడా ఇకమీదట సంఘానిదేనట. పరిశోధన ఉద్దేశం నెరవేరింది కనుక, 1962 మార్చి ఆఖరుతో పథకం ముగించబడును. అంటే, వంట బ్రహ్మాండంగా కుదిరింది కాబట్టి వంటవాణ్ని ఇక పొమ్మన్నారు. రెండో విడత వడ్డన లేదు.

హెబ్రోనుకు నలభై మూడేళ్లు. నెల్లూరులో ఒక ఎలిమెంటరీ బడిలో పదిహేనేళ్లు లెక్కలు చెప్పాడు. రెండేళ్ల కిందట ఈ పథకంలోకి వచ్చాడు. కొలువు మారింది గాని కొలవడం మానలేదు. సరస్సు చుట్టూ పద్నాలుగు ఊళ్లు ఆయన వంతు. ఇంటికి ఎందరు, ఏం తింటారు, ఎవరు ఎక్కడ వల వేస్తారు అన్నవన్నీ రాయాలి. అసలు ప్రశ్న వేరే ఉంది. భూమికి పట్టా ఉంటుంది, గట్టు ఉంటుంది. నీటికి పట్టా లేదు, గట్టు లేదు. అయినా వీళ్లు తలలు పగలగొట్టుకోకుండా ఆ నీటిని ఎలా పంచుకుంటున్నారు?

"చేపలు పట్టేవాళ్లు చేపలు పట్టక చెట్లెక్కుతారా? దీన్ని చూడ్డానికి సర్కారు నీకు జీతమిస్తా ఉందా హెబ్రోనూ?" అని నెల్లూరులో బంధువులు ఎకసెక్కాలాడేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. జవాబు లేక కాదు. జవాబు చెప్పాలంటే ఇంకో ఏడాది పడుతుందని.

ఆ ఏడాది ఇక రాదు.

మర్నాడు ఉదయం పడవెక్కి నడిమితిప్పకు బయల్దేరాడు. తిప్ప ఒక్కటే గాని తిప్పలు ఇంటికొకటి ఉన్న ఊరు అది. ఆయన ఎక్కువ కాలం మకాం వేసిందీ అక్కడే. వెళ్లొస్తానని ఒక మాట చెబుదామని వెళితే, ఊరంతా ఒడ్డున ఇసుకలో కూర్చుని ఉంది. మధ్యలో ఒక కొత్త కుండ. కుండ ముందు ఊరిపెద్ద, పెద్దకాపు పోలేరయ్య, తలకు ఎర్ర తుండు.

"రా రా లెక్కలయ్యోరా! బలే సమయానికి వచ్చినావు. ఇయ్యాళ మా వంతులు. పోయినేడు నువ్వు లేకపోతివి."

నిజమే. పోయినేడు ఇదే రోజున ఆయన జీతం బిల్లు మీద సంతకం పెట్టడానికి నెల్లూరు వెళ్లాడు. జీతం కోసం పోయి జీవితం చూడలేకపోయాడు.

సముద్రపు నీరు సరస్సులోకి ఎక్కే కాలవలో రొయ్య దండిగా పడే చోట్లు నాలుగే ఉన్నాయి. రోజుకు నాలుగిళ్లవాళ్లే అక్కడ వల కట్టాలి. అందుకని ఏడాదికోసారి కుండలోంచి తాటాకు ముక్కలు తీస్తారు. ఒక్కో ముక్క మీద ఒక్కో ఇంటి గుర్తు ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏది వస్తే ఆ వరుసలోనే ఏడాదంతా వంతులు తిరుగుతాయి. హెబ్రోను ఇదంతా విని రాసుకున్నాడు గాని కళ్లారా చూడలేదు. పుస్తకం తీసి ఒక పక్కన కూర్చున్నాడు.

పోలేరయ్య కుండలో చెయ్యి పెట్టాడు. "కావేటయ్య!"

"ఉండా!" అన్నాడు కావేటయ్య.

"చిన్న పోలయ్య!"

"ఉండా!"

"మస్తానయ్య!"

హెబ్రోను కలం ఆగింది. మస్తానయ్య మూడేళ్ల కిందట వాయుగుండంలో పోయాడు. గ్రామ మునసబు దగ్గర చావుల పుస్తకంలో ఆ పేరు ఆయన స్వయంగా చూశాడు. పోలేరయ్యకు మతిమరుపు వచ్చిందా అనుకుంటూ తలెత్తాడు.

"ఉండాడు" అంది ఒక ఆడగొంతు.

చంకలో ఎండుచేపల గంప పెట్టుకుని వెనక వరుసలో నిలబడ్డ పేరమ్మ అన్న మాట అది. మస్తానయ్య భార్య. ఆమె ఏడుస్తూ అనలేదు, ఆవేశంగానూ అనలేదు. బడిలో హాజరు పిలిస్తే పక్కవాడి తరఫున పలికినట్టు పలికింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తలతిప్పి కూడా చూడలేదు. పోలేరయ్య ఆ ముక్కను వరుసలో మూడోదిగా పెట్టి, ఇంకోటి తీశాడు.

ముప్పై ఎనిమిది ముక్కలు తీసేసరికి 'ఉండాడు' అన్న మాట ఏడుసార్లు వినిపించింది. ఏడూ ఆడగొంతులే. ఏడు అనే అంకెలోనే తెలుగువాళ్లు ఏడుపును కూడా ఎందుకు పెట్టారో హెబ్రోనుకు ఆ రోజు తెలిసింది. ఆయన నివేదికలో నడిమితిప్పకు రాసిన వంతులు ముప్పై ఒకటి.

జనం లేచాక ఆయన పేరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, మస్తానయ్య పోయినాడు గదా. ఆయన పేరు మీద వంతేంది?"

"పోతే? వంతు మడిసిది కాదయ్యోరా, ఇంటిది. పెండ్లయిన్నాడు మొగోడి పేరు కుండలో పడతాది. మొగోడు పోతే ఇల్లు పోతాదా? నేనుండానే. నేనా గడప దాటి ఇంకో ఇంటికి పోయిందాకా ఆయన ఉండేట్టే లెక్క. నా వంతు రోజు మా మరిది కొడుకు వల కడతాడు. వచ్చింది చెరి సగం."

"మరి పోయినేడు నేను ఇంటికొచ్చి అడిగితే చెప్పలేదే?"

పేరమ్మ గంప కింద పెట్టింది. "చెప్పకేం? ఈ ఇంట్లో వల ఎవురిదమ్మా అన్నావు. మస్తానయ్యది అన్నా. ఎర్ర సిరాతో గీత కొట్టినావు. నా కళ్ల ముందరే కొట్టినావు."

"అట్లా కొట్టొద్దు, వంతు ఉందని అనొచ్చు గదక్కా!"

"వంతు ఉండాదా అని నువ్వడగలా. నీ కాగితంలో ఆ మాట లేకపాయ. చదువుకున్నోడివి, నీ కాగితంలో లేందాన్ని నేనెట్టా చెప్పేది?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఊళ్లో మనుషులు చెప్పిన పేర్లను ఆయన నమ్మలేదు. మునసబు పుస్తకంలోంచి ముందే రాసుకొచ్చిన చావులతో పోల్చి చూశాడు. చనిపోయిన ఏడుగురినీ వెతికి పట్టుకుని మరీ కొట్టేశాడు. నిర్లక్ష్యంగా రాసి ఉంటే ఆ పేర్లు నివేదికలో మిగిలిపోయేవి. జాగ్రత్తగా రాయడం వల్లే పోయాయి. సర్వే అంటే సంస్కృతంలో అందరూ అని అర్థం. ఆయన చేసిన సర్వేలో కొరవడింది ఆ అర్థమొక్కటే.

ఇప్పుడు ఆ ముప్పై ఒక్క పేర్లూ సంఘం జాబితా కాబోతున్నాయి. కాలవ సంఘానిది కాబోతోంది. వచ్చే ఏడు కుండలో ఏడు ముక్కలు ఉండవు. పేరమ్మ పేరూ, ఆమె పెనిమిటి పేరూ ఏ జాబితాలోనూ ఉండవు.

"అక్కా, పక్క ఊళ్లలోనూ ఇట్లాగేనా?"

"ఏమోనయ్యా. ఒక్కో ఊరిది ఒక్కో కట్టు. పోయి అడగాల."

పోయి అడగడానికి పదమూడు ఊళ్లు, మిగిలింది రెండు నెలలు.

ఫిబ్రవరి మొదటివారంలో పై అధికారి ఆనందబాబు కాగితాలు సర్దించడానికి జీపులో సూళ్లూరుపేట వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, మంచివాడు. ఈ పథకం కోసం హైదరాబాదులో గడప గడపా తిరిగినవాడు. బంగళా వరండాలో హెబ్రోను చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఇది నిజంగా గొప్ప సంగతి హెబ్రోను గారూ. ఇందుకే గదా మనం వచ్చింది. కానీ ఇప్పుడు రాయొద్దు."

"జాబితాలు ఏప్రిల్లో ఖాయం చేస్తారు సార్."

"వచ్చే నెల నెల్లూరులో సమావేశం ఉంది. పథకాన్ని ఇంకో ఏడాది పొడిగించమని అక్కడ చివరిసారి అడగబోతున్నాను. ఆ ముందురోజే మీరు 'నా నివేదిక తప్పు' అని కాగితం పెడితే వాళ్లేమంటారు? తప్పుల తడకకు ఇంకో ఏడాది డబ్బెందుకు అంటారు. 'మరింత అధ్యయనం అవసరం' అని మెత్తగా రాయండి. పొడిగింపు రానివ్వండి, నిదానంగా దిద్దుకుందాం."

"రాకపోతే?"

ఆనందబాబు కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నడిమితిప్పలో చచ్చిపోయినవాళ్లకు కూడా వంతుంది సార్. మన పథకం ఇంకా చావలేదు, దానికే లేకపాయె" అన్నాడు హెబ్రోను. ఇద్దరూ నవ్వబోయారు గాని, నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం రైల్వే స్టేషనులో చెంచురామయ్య కనిపించాడు. సరస్సు రొయ్యను మంచుగడ్డల మీద పేర్చి మద్రాసుకు ఎక్కించే వ్యాపారి. ప్లాట్‌ఫారం మీద గంపలు వరసగా ఉన్నాయి. వాటి మీద ఊక చల్లి గోనెలు కప్పుతున్నారు. ఊక మీద నీళ్లు కారుతున్నాయి.

"ఏమయ్యా హెబ్రోనూ, మీ దుకాణం కట్టేస్తా ఉండారంట?"

"అవునన్నా."

"నేను తెరిపిస్తా. నవ్వబాక, నిజంగానే చెప్తా ఉండా. సర్కారు ఇచ్చే జీతం నేనిస్తా, ఇంకో పది ఎక్కువే ఇస్తా. పద్నాలుగు ఊళ్లూ నీకు తెలుసు. ఏ కాలవలో ఏ నెల ఎంత రొయ్య పడతాది, ఎంత సైజు, ఏ గాలికి ఎక్కువ, ఏ గాలికి తక్కువ. అది రాసిపెట్టు నాకు. ఒక ఏడు చాలు."

"మనుషుల సంగతి?"

"మనుషుల సంగతి నాకెందుకు నాయనా? మనుషుల్ని మంచులో పెట్టి మద్రాసు పంపుతానా?"

చెంచురామయ్య చెడ్డవాడు కాదు. ఆయన మాటలో మోసం లేదు. మోసం ఉండి ఉంటే హెబ్రోనుకు కాదనడం సులువుగా ఉండేది. రొయ్యకు కొనేవాడున్నాడు, కాబట్టి రొయ్య గురించి అడిగే ప్రశ్నకూ కొనేవాడున్నాడు. పేరమ్మ వంతు ఏమవుతుందన్న ప్రశ్నను మంచులో పెట్టి ఏ రైలెక్కిస్తే ఎవరు కొంటారు? కొనేవాడు లేని ప్రశ్నను అడగడానికే గదా ఊరందరి డబ్బు కావాల్సింది. ఆ ఊరందరిలో పేరమ్మ కూడా ఉంది. ఆమె కొనే కిరసనాయిల్లో, అగ్గిపెట్టెలో పన్నుగా కొంత ముక్క హైదరాబాదు చేరి, అక్కణ్నుంచి తిరిగొచ్చి ఆయన చేతిలో ఎర్రసిరా అయింది. ఆ సిరాతోనే ఆమె మొగుణ్ని రెండోసారి చంపాడు.

"ఆలోచించుకుని చెప్పు" అన్నాడు చెంచురామయ్య.

"ఆలోచించినా అన్నా. నాకు రొయ్యల లెక్క రాదు" అని హెబ్రోను నెల్లూరు బండెక్కాడు.

మార్చి రెండోవారంలో సమావేశం జరిగింది. పొడుగాటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది అధికారులు కూర్చున్నారు. హెబ్రోను తన కాగితాన్ని ఆనందబాబుకు చూపించకుండానే అధ్యక్షుడి ముందు పెట్టాడు. అందులో మొదటి వాక్యం: "నడిమితిప్ప గురించి నేనిచ్చిన నివేదిక తప్పు." దాని కింద ఏడు పేర్లు. వాటి పక్కన వాళ్ల తరఫున పలికిన ఏడుగురు ఆడవాళ్ల పేర్లు, పోలేరయ్య వేలిముద్ర.

అధ్యక్షుడు చదివి కాగితం బోర్లించాడు. "అంటే, రెండేళ్లు ప్రజల సొమ్ము తిని మాకు తప్పు లెక్క ఇచ్చావన్నమాట."

"అవునండీ. మొదటి ఏడు ఇచ్చింది తప్పు లెక్క. అది తప్పని తెలిసింది రెండో ఏడు చివర. మొదటి ఏడే ఆపేసి ఉంటే నా లెక్క మీ దగ్గర ఒప్పుగానే ఉండిపోయేదండీ."

ఎవరో చిన్నగా దగ్గారు.

"మిగతా పదమూడు ఊళ్లలో?"

"తెలియదండీ. అక్కడా అడగాల్సింది అడగలేదు. ఒక్కో ఊరికి కనీసం ఒక నెల ఉండాలి. చీట్లు తీసే రోజున ఉండాలి. ఆ రోజు ఒక్కో ఊరిలో ఒక్కోటి."

"తెలియనిదాని మీద మేమేం చెయ్యగలం? సందేహం ఆధారం కాదు గదా."

అది కూడా న్యాయమైన మాటే. నడిమితిప్ప జాబితాలో ఏడు పేర్లు చేర్చమని అక్కడికక్కడే రాశారు. మిగతా పదమూడు జాబితాలు ఉన్నవి ఉన్నట్టే ఏప్రిల్లో ఖాయం చెయ్యమన్నారు. పథకం పొడిగింపు విషయం ఎత్తడానికి ఆనందబాబు లేచాడు. నిలబడి, అధ్యక్షుడి మొహం చూసి, మళ్లీ కూర్చున్నాడు.

బయట మెట్ల మీద ఆనందబాబు అన్నాడు: "నేను రాయొద్దన్నది మిమ్మల్ని కాపాడ్డానికి కాదు. పథకం కోసం."

"పథకం ఎవరి కోసం సార్?"

ఆనందబాబు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

నడిమితిప్పకు కబురు తీసుకెళ్లింది హెబ్రోనే. పోలేరయ్య పడీపడీ నవ్వి, "మస్తానయ్య బతికొచ్చినాడ్రో!" అని కేకేశాడు. పేరమ్మ నవ్వలేదు. వేయించిన రొయ్యపప్పు తాటాకు దొన్నెలో పోసి ఇచ్చింది.

"మా ఊరు సరే. తక్కిన ఊళ్లో?" అంది.

హెబ్రోను తినడానికి తలవంచుకున్నాడు.

ఏప్రిల్లో మళ్లీ బడి, మళ్లీ నల్లబల్ల. తప్పు నివేదిక ఇచ్చినందుకు ఆయన సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం పడింది. అది ఆయనను పెద్దగా బాధించలేదు. మే నెల సెలవులు ఇవ్వగానే గొడుగు, చేతిసంచి తీసుకుని బయల్దేరాడు. భార్య కరుణాకుమారి గడప దగ్గర నిలబడి, "ఈ ఎండల్లో ఎవరికోసం?" అని మాత్రం అడిగింది. ఆపలేదు.

ఎండలకు సరస్సు సగం ఇంకిపోయి ఉంది. పడవ నడిచినచోట ఇప్పుడు మనిషి నడవచ్చు, నెర్రెలిచ్చిన బురద మీద. మొదటి ఊరు ఆయనకు బాగా పరిచయం. అక్కడ నాలుగు రోజులుంటే మూడు పేర్లు దొరికాయి. రిజిస్టరు తపాలాలో ఆనందబాబుకు పంపాడు. వారానికి కార్డు వచ్చింది: "పథకం లేదు. కాబట్టి దస్త్రం లేదు. మీరు పంపినదాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. నా సొరుగులో ఉంచాను."

రెండో ఊరు తూర్పుకుప్పం. భర్త పోయిన వెంకటశేషమ్మ అనే ముసలామె ఇంటి ముందు ఆగాడు. పథకం రోజుల్లో ఒకే ఒక్క పూట చూసిన ఇల్లు. ఆమె గుర్తుపట్టి, నీడలో కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది.

"ఏమయ్యోరా, సర్కారు మళ్లా పంపిందా?"

"లేదమ్మా. నా అంతట నేనే వచ్చినా."

"జీతం ఇస్తా ఉండారా?"

"లేదు."

ఆమె ఆయన కాళ్లకు ఎండి అట్టకట్టిన బురద వైపు చూసింది. "జీతం లేకండా ఇంత ఎండలో ఇంత దూరం మడిసి వస్తాడా నాయనా? ఎవురు పంపినారో చెప్పగూడదంటే నేనడగన్లే."

"ఒట్టమ్మా, ఎవరూ పంపలేదు."

"అదే నాయనా నా బయం. సర్కారోడు అడిగితే సర్కారుకని తెలస్తాది. యాపారి మడిసి అడిగితే యాపారికని తెలస్తాది. ఎవురూ పంపకుండా వచ్చి, ఈ ఇంట్లో ఎవురికేముండాదని అడిగితే, అది యాడికి పోతాదో నాకెట్టా తెలిసేది?"

సర్కారే పంపిందని ఒక్క మాట అంటే చాలు, చెప్పేస్తుంది. ఆ మాట హెబ్రోను నాలుక చివరిదాకా వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాట నిజం. అప్పుడు ఆమెను అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు అడగాల్సిందేమిటో తెలుసు, ఆ మాట నిజం కాదు. అబద్ధం చెప్పి పేరు రాబట్టినా ఆ పేరు ఒక పెద్దమనిషి సొరుగులోకి పోతుంది. అంతకు మించి దానికి చోటు లేదు.

"చెప్పొద్దులేమ్మా" అన్నాడు.

ఆమె చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది. మర్యాదకని తలుపు తెరిచే ఉంచింది. లోపల గోడకు ఒక పాత నూలువల వేలాడుతోంది. దాని మీద బూజు లేదు. ఈ మధ్యనే ఎవరో నీళ్లలో వేసి, కడిగి, ఆరబెట్టారు.

హెబ్రోను పుస్తకం తెరిచి తూర్పుకుప్పం అని రాశాడు. దాని కింద వితంతువుల వంతులు అని రాసి, ఎదురుగా అంకె వేయాల్సిన చోట కలం ఆపాడు. అక్కడ సున్నా వేయలేదు. సున్నా వేస్తే ఎవరూ లేరని అర్థం వస్తుంది.